నలభై అంటే నలభై

మొదటి రోజు. రేవు స్టేషను.

ఈ బండిలో తెలుగు చదవగలిగిన మనిషిని ఇన్నాళ్ళూ నేనొక్కదాన్నే. ఇవాళ రెండో మనిషి ఎక్కాడు. నిజానికి ఇక రాయడం ఆపేయాలి. ఆపను.

అటెండెంటు ప్రతి హాల్టు సంగతీ చేత్తో రాసి పెట్టాలని ఈ దేశపు రైల్వే రూలు. ఏ భాషలో రాసినా వీళ్ళకి పట్టదు. మూడేళ్ళుగా "రెండో హాల్టు, నలుగురు దిగారు, మంచు" అని రాసుకుంటూ వచ్చాను. ఈ నాలుగు రోజులూ మాత్రం కాస్త ఎక్కువే రాస్తాను.

ఎక్కినవాడి పేరు ఆనందమూర్తి. మన దేశంలో ఏ బండి ఏ సెకనుకి కదలాలో చెప్పే వేళాధికారి. వీళ్ళ బండిలో పోనూ రానూ ప్రయాణం చేసి, నాలుగో రోజు సాయంత్రం ఈ రేవులోనే ఒక ఒప్పందం మీద సంతకం పెడతాడట. ఎక్కీ ఎక్కగానే భుజం మీది తువ్వాలు తీసి పక్క సీటు మీద పరిచాడు. ఆ సీటు ఆయనది కాదు. బండి సగం ఖాళీ. అయినా తువ్వాలు పడాల్సిందే.

నేను చలి ముసుగులో ఉన్నాను, కళ్ళు తప్ప ఏమీ కనబడవు. ఆయన టికెట్టు చేతికిచ్చి నా వైపు చూడనైనా లేదు. చూసినా గుర్తుపట్టడు, మేమెప్పుడూ ఎదురుపడలేదు. నేను మాత్రం గొంతుని పట్టి గుర్తుపట్టాను. ఆ గొంతుని ఒక్కసారే విన్నాను, ఫోన్లో, పదకొండు సెకన్ల పాటు.

మొదటి రోజు. మొదటి హాల్టు.

మైనస్ నలభై రెండు. ఇద్దరు దిగారు.

తలుపు తెరుచుకున్నప్పటి నుంచి నలభై సెకన్లు. ఆ నలభైలో నేను రొట్టె సంచి పట్టుకుని దిగాలి, ఎనిమిది అడుగులు నడిచి ప్లాట్‌ఫారం మీది గదిలో కొక్కేనికి తగిలించాలి, పాత సంచి తెచ్చుకోవాలి. నాకు ఇరవై రెండు సెకన్లు పడుతుంది. నలభై నిండగానే తలుపు దానంతటదే మూసుకుంటుంది. నేను పాదం అడ్డం పెడితే ఇంకో మూడు సెకన్లు ఆగుతుంది, అంతకు మించి ఎవరి మాటా వినదు.

ఆ గది బండి తప్పినవాళ్ళ కోసం. పొయ్యి, రెండు మంచాలు, కంబళ్ళు, టీ సామాను, ఒక నోటుబుక్కు ఉంటాయి. వెనక బండి తొమ్మిది గంటల తర్వాత గానీ రాదు. మూడేళ్ళలో బండి తప్పినవాళ్ళని ఇద్దర్నే చూశాను. ఒకడు తాగుబోతు, ఒకావిడ పిల్లకి చెప్పు తొడుగుతూ ఉండిపోయింది. అయినా ప్రతి ట్రిప్పులోనూ ప్రతి గదిలో రొట్టె మార్చాల్సిందే.

మా తూర్పు లైన్లోనూ ఇవే బళ్ళు, ఇవే తలుపులు, ఇదే నలభై. బయట మంచుకి బదులు ఎండ, యాభై మూడు, యాభై నాలుగు. గదులు మాత్రం లేవు.

ఆనందమూర్తి దిగాడు. ఈ ఊళ్ళో పనుండి కాదు, ఊరికే. ఈ దేశపువాళ్ళు దిగాల్సిన ఊరొస్తే తప్ప సీట్లోంచి లేవరు. మనవాళ్ళకి బండి ఆగిందంటే దిగాలి. సీసాలో నీళ్ళు పట్టుకోవాలి, టీ తాగాలి, బోర్డు చదివి ఏ ఊరో లోపలున్నవాళ్ళకి చెప్పాలి. గార్డు ఈల ఊదాక, బండి కదిలాక, దాని పక్కనే నాలుగడుగులు నడిచి అప్పుడు ఎక్కాలి. ఆ అలవాటు మాన్పించడానికే నలభై సెకన్ల రూలు తెచ్చిన మహానుభావుడు, నడుం మీద చేతులు పెట్టుకుని మంచుని పరిశీలించి, ముప్ఫై ఒకటో సెకనుకి ఎక్కాడు.

మొదటి రోజు. రెండో హాల్టు.

ఎవరూ దిగలేదు. ఆయన దిగాడు. ముప్ఫై ఆరు.

మొదటి రోజు. మూడో హాల్టు దాటాక.

టీ పోస్తుంటే బండి ఊగి వేళ్ళ మీద ఒలికింది. "ఓలమ్మో" అన్నాను. ముసుగు వేసుకున్నా నోరు దాగదు కదా.

ఆనందమూర్తి ముఖం విచ్చుకుంది. "ఏమ్మా! మన తెలుగమ్మాయివా? ఇంతసేపూ చెప్పవేం? ఏ ఊరు?"

"శీకాకులం వైపండి."

"పేరు?"

"పైడి అంటారండి ఇక్కడ."

"ఇంటిపేరు?"

"ఇక్కడ ఇంటిపేరెవలూ అడగరండి," అన్నాను. గట్టిగా నవ్వాడు.

ఇక వదల్లేదు. పచ్చడేమైనా దొరుకుతుందా అన్నాడు. లేదన్నాను. ఈ రొట్టె మనుషులు తినేదేనా అన్నాడు. "ఒకటి మాత్రం ఒప్పుకోవాలమ్మా. ఎంత నిశ్శబ్దం చూడు! చీమ నడిస్తే వినబడుతుంది. మనవాళ్ళకి ఎప్పుడొస్తుందో ఈ బుద్ధి" అన్నాడు. ఆ మాట ఎంత గట్టిగా అన్నాడంటే నాలుగు వరుసల అవతలివాళ్ళు తిరిగి చూశారు.

మన బళ్ళలో నిశ్శబ్దం లేదు, నిజమే. ముగ్గురు కూర్చునే సీటు దగ్గరికి నాలుగోమనిషి వచ్చి "కాస్త సర్దుకోండి" అంటే, తిట్టుకుంటూనే సర్దుకునేవాళ్ళం. మూడో స్టేషనుకి వాళ్ళ పులిహోర మన విస్తట్లో ఉండేది. ఇక్కడ మూడేళ్ళలో నన్నెవరూ ఏమీ తినమనలేదు. అలాగని ఒక్కరూ నా మీద అరవనూ లేదు. రెండు దేశాల్నీ తూచి చూస్తే ఏది బరువో నాకింకా తెలియదు, కానీ ఆయనకి అన్నీ తెలుసు.

"ఒప్పందంలో వీళ్ళు ఒక తిరకాసు పెట్టారమ్మా," అన్నాడు టీ ఊదుకుంటూ. "ప్రతి హాల్టులోనూ గది కట్టాలట. తప్పిపోయినవాళ్ళ కోసమట! ఏడేళ్ళ కిందటి ఒప్పందంలో ఆ పేజీ నేనే కొట్టేయించాను. ఇప్పుడు ఇంకో తొమ్మిది లైన్లకి అదే ఒప్పందం, అదే పేజీ. మళ్ళీ కొట్టేశాను. మనవాళ్ళ సంగతి నీకు తెలీదా? గది కనబడితే కావాలనే దిగుతారు. దిగి, చీట్లపేక మొదలెడతారు."

నేను ఖాళీ కప్పు అందుకుని "ఇంకో కప్పు పొయ్యమంటారా సార్?" అన్నాను. ఆ గొంతు నాదేనా అని నాకే అనుమానం వచ్చింది.

మొదటి రోజు. నాలుగో హాల్టు దాటాక.

గది లేకపోవడం మరుపనుకున్నాను ఇన్నేళ్ళూ. ఆఫీసులో ఏ కాగితమో ఎక్కడో జారిపోయిందనుకున్నాను. పులిని చూసి నక్క వాతలు పెట్టుకుందని సరిపెట్టుకున్నాను. కాదు. మనిషి కూర్చుని, చదివి, కలం తీసి కొట్టేశాడు. చీట్లపేక ఆడతామని.

నా పేరు దుంపల పైడితల్లి. తూర్పు లైన్లో పందొమ్మిదేళ్ళు గార్డుని. పచ్చజెండా, ఈల నా చేతిలో ఉండేవి. నేను ఈల ఊదితే టీ కప్పులు దించి పరుగెత్తుకొచ్చేవాళ్ళు. కొత్త బళ్ళొచ్చాక జెండా పోయింది. తర్వాత నాలుగు వారాలకి, ఈల వినబడితే జనం ఈల కోసమే ఎదురుచూస్తారు కాబట్టి ఎవరూ ఊదకూడదని ఆర్డరొచ్చింది. రూలు కదా అని నా ఈల ఇంట్లో పెట్టెలో పెట్టి తాళం వేశాను. అందుకు నన్ను నేను తిట్టుకోని రోజు లేదు.

ఆర్డరొచ్చిన నాలుగో రోజు. ఉప్పులేరు హాల్టు. మా తమ్ముడు తవిటినాయుడు అదే బండిలో ఊరెళ్తున్నాడు. వాడిని అందరం తవుడు అనేవాళ్ళం. ఒక ముసలమ్మకి దాహమేసింది. ప్లాట్‌ఫారం మీద పాత కుళాయి ఇంకా ఉంది. సీసా పట్టుకుని నా ముందునుంచే దిగాడు.

"బేగి రా రా, ఇది పాత బండి కాదు," అన్నాను.

"ఎంత సేపే అప్పా! నువ్వు ఈలేస్తే వొచ్చెస్తాను కదా," అన్నాడు.

నోట్లో ఈల లేదు. కేకేశాను. కుళాయి నీళ్ళ చప్పుడులో వినబడలేదు. వాడు తల తిప్పేసరికి తలుపు మూసుకుంది. మొదట నవ్వాడు. తర్వాత బండి పక్కన నాలుగడుగులు నడిచి, ఎప్పట్లాగే పిడి కోసం చెయ్యి చాచాడు. కొత్త తలుపులకి పిడి లేదు.

కంట్రోలుకి ఫోను చేశాను. ఆ రోజు అక్కడ కూర్చున్నది వేళాధికారే. "సార్, మా తమ్ముడు కిందుండిపోనాడు సార్, ఒక్క పాలి తలుపు తియ్యండి సార్," అన్నాను. "నలభై అయిందా అమ్మా?" అన్నాడు. అయిందన్నాను. "అయితే అంతే. ఒకరి కోసం తీస్తే రేపు ఊరంతా దిగుతుంది. నలభై అంటే నలభై."

తర్వాతి బండి రావడానికి ఆరు గంటలు. రేకు కప్పయినా లేని ప్లాట్‌ఫారం, కాసేపటికే ఎండిపోయిన కుళాయి, రెండువైపులా ఉప్పు కయ్యలు. తవుడు నాలుగో గంట దాకా ప్రాణంతో ఉన్నాడని డాక్టరు చెప్పాడు. వేళాధికారి సంతకంతో వచ్చిన కాగితంలో కారణం అన్న గడి ఉంది. అందులో రెండు మాటలు రాశారు, "స్వీయ నిర్లక్ష్యం" అని. వాడికి ఇరవై తొమ్మిదేళ్ళు.

ఈల అప్పట్నుంచి నా మెడలోనే ఉంది. ఈ దేశంలో ఎవరూ దాని గురించి అడగలేదు.

రెండో రోజు. ఐదో హాల్టు.

దిగాడు. ముప్ఫై ఎనిమిది. చలిలో బాగా ఆకలేస్తోందట.

రెండో రోజు. ఆరో హాల్టు.

ఈ హాల్టు గది పోయిన నెల కాలిపోయింది. కొత్తది గోడల దాకా లేచింది, కప్పు పడలేదు. ఇక్కడ ఎవరూ దిగకూడదని బండిలో మూడు భాషల్లో చెప్పారు. మూడింటిలోనూ తెలుగు లేదు. ఆయనకి మూడూ వచ్చు, కానీ విన్లేదు. దిగాడు.

మైనస్ నలభై ఎనిమిది. ప్లాట్‌ఫారం చివరిదాకా నడిచి, కప్పు లేని ఆ గదిని చూస్తూ నిలబడ్డాడు, వీపు నా వైపు. ఇరవై. ఇరవై ఐదు. ముసుగు లోపల నా పెదాలు నవ్వుతున్నాయని తెలుస్తోంది. ముప్ఫై. ఎవరికీ ఏమీ చెప్పుకోవాల్సిన పని లేదు. నేను తొయ్యలేదు, దిగమనలేదు, రూలు ఆయనదే. తొమ్మిది గంటల్లో వెనక బండివాళ్ళు చూసుకుంటారు. ముప్ఫై ఐదు.

ఈల ఎప్పుడు నోట్లోకొచ్చిందో తెలియదు. ఊదాను.

వీపు తిప్పి ఉన్న మనిషి ఒక్కసారిగా తిరిగి పరుగెత్తాడు, చిన్నప్పట్నుంచీ కాళ్ళకి తెలిసిన పరుగు. నలభై అయింది. పాదం అడ్డం పెట్టాను. తలుపు బూటుని నొక్కుతోంది. నలభై మూడో సెకనుకి లోపల పడ్డాడు.

రొప్పుతూ సీట్లో కూర్చుని వాచీ చూసుకున్నాడు. నావైపు చూసి, "మూడు సెకన్లు ఆలస్యం" అన్నాడు.

రెండో రోజు. చివరూరు.

ఓర్మా నాతోపాటు పనిచేసే ముసలి అటెండెంటు. చెవిలో పెట్టుకున్న తర్జుమా యంత్రం ద్వారానే మాట్లాడుకుంటాం. ఆమె ఒక కాగితం తెచ్చి చూపించింది. ఆనందమూర్తి నా మీద ఫిర్యాదు రాశాడు. "ఆరో హాల్టులో అటెండెంటు తలుపుకి పాదం అడ్డం పెట్టి బండిని మూడు సెకన్లు ఆపింది. నిషేధించిన ఈల వాడింది. మా దేశపు మనిషి కావడం వల్ల పాత అలవాట్లు పోలేదు."

నిషేధం ఈ దేశంలో లేదు, మన దేశంలో ఉంది. ఆ తేడా కూడా చూసుకోలేదు. ఎవరి కోసం ఆపానో అందులో ఒక్క ముక్క లేదు.

"ఎందుకు ఆపావు?" అంది ఓర్మా.

"మా తమ్ముడైతే ఆపేవాడు," అన్నాను. అబద్ధం కాదు. కానీ అదొక్కటే నిజమూ కాదు. ఆయన చచ్చిపోతే ఆయనకేం తెలుస్తుంది? నాకు ఆయన చావు అక్కర్లేదు, ఆయనకి తెలియడం కావాలి.

ఓర్మా ఆ గదుల కథ చెప్పింది. తలుపులు కొత్తగా పెట్టిన ఏడాది ముగ్గురు మంచులో పోయారట. వాళ్ళ ఇళ్ళవాళ్ళు పట్టాల మీద కూర్చుని లేవలేదట. తలుపు రూలూ గది రూలూ ఒకే కాగితం మీద రాయించుకుని గానీ లేవలేదట. గదిలోని నోటుబుక్కు కూడా వాళ్ళ పట్టుదలే. బండి తప్పినవాడు ఎందుకు తప్పిందో తన చేత్తో రాయాలి. దాన్ని పెద్దాఫీసులో పైకి చదివి జవాబు రాయాలి. వేరేవాడు వాడి తరఫున కారణం రాయడానికి వీల్లేదు.

"తలుపు ఒక్కటే కొనుక్కెళ్ళిన దేశం మీదొక్కటే," అంది. ఎగతాళిగా అనలేదు. అందుకే ఎక్కువ మండింది.

మూడో రోజు. ఆరో హాల్టు, తిరుగు ప్రయాణం.

మళ్ళీ లేచాడు! పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు. తలుపుకి అడ్డంగా నిలబడ్డాను.

"ఇక్కడ దిగకూడదు సార్. గది లేదు."

"రెండు నిమిషాలమ్మా, గాలి కోసం."

"రెండు నిమిషాలుండవు సార్. నలభై సెకన్లే."

"నాకు చెబుతున్నావా?" అన్నాడు.

నేను కదల్లేదు. ఆయన గొణుక్కుంటూ వెళ్ళి తువ్వాలు పక్కన కూర్చున్నాడు. ఇంకో ఫిర్యాదు రాస్తాడేమో. రాసుకోనీ. గది లేని చోట నేను మనిషిని దించను. ఆయనకీ నాకూ అదే తేడా, ఆ తేడా నాకు కావాలి.

నాలుగో రోజు. ఐదో హాల్టు దాటాక.

ఇకమీద రాసేది నీకు. "ఆనందమూర్తి గారూ" అని మొదలుపెట్టబోయి కొట్టేశాను. కొట్టేయడం నీ దగ్గరే నేర్చుకున్నాను.

ఇది చదువుతున్నావంటే నాలుగో హాల్టు గదిలో ఉన్నావు. రొట్టె సంచి అడుగున ఈ పుస్తకం దొరికి ఉంటుంది. భయపడకు. పొయ్యి వెలుగుతూనే ఉంటుంది. కంబళ్ళు మంచం కింద. టీ పొడి ఎర్ర డబ్బాలో. చీట్లపేక లేదు, వెతకకు.

నేను నిన్ను తొయ్యలేదు, దిగమనలేదు. దిగొద్దని ఇక్కడ చెప్పను, అంతే. నా సంచి తగిలించి ఇరవై రెండో సెకనుకి ఎక్కేస్తాను. ఈల మెడలోనే ఉంటుంది. ఈసారి ఊదను. నువ్వు వీపు తిప్పి నిలబడి, నీకు తెలియకుండానే ఆ ఈల కోసం ఎదురుచూస్తావు. నువ్వు నిషేధించిన ఈల.

నువ్వు దిగకపోతే ఈ పుస్తకం ఈ గదిలో ఎవరికీ అర్థం కాకుండా పడి ఉంటుంది. దిగుతావు. నాలుగు రోజుల్లో నేనాపిన ఆ ఒక్కసారి తప్ప ప్రతిచోటా దిగావు.

తలుపు మూసుకోగానే మొదట నవ్వుతావు. తవుడూ నవ్వాడు. తర్వాత నాలుగడుగులు నడుస్తావు, పిడి కోసం చెయ్యి చాస్తావు. అద్దంలోంచి నేను కనబడతాను. ముసుగు తీసేసి ఉంటాను, ముఖం బాగా చూసుకో. దుంపల పైడితల్లిని. ఉప్పులేరు హాల్టు నుంచి నీకు ఫోను చేసిన గార్డుని.

నీకు తొమ్మిది గంటలున్నాయి. మొదటి నాలుగూ మా వాడివి. నాలుగు గంటలంటే ఎంతసేపో గోడ గడియారం వైపు చూస్తూ కూర్చో. అప్పుడప్పుడూ లేచి కంబళి సర్దుకో, టీ కాచుకో, వెచ్చగా ఉండు. వెచ్చగా ఉన్నంతసేపూ నువ్వు కొట్టేసిన పేజీలోనే ఉన్నావు.

సాయంత్రం సంతకానికి నువ్వుండవు. నువ్వు వెళ్ళేసరికి కాగితం అక్కడే ఉంటుంది. గది పేజీ మీద నువ్వు గీసిన గీత చూసి, అప్పుడు పెట్టు సంతకం.

నిన్ను క్షమించాననుకోకు. ఏడేళ్ళుగా రోజూ నిన్ను తలుచుకుని పళ్ళు నూరాను. ఇకముందూ నూరుతాను.

బల్ల మీద ఆ గది నోటుబుక్కుంది. బండి ఎందుకు తప్పిందో నీ చేత్తో రాయాలి. వాళ్ళు పైకి చదువుతారు, జవాబిస్తారు. మా తమ్ముడికి ఎవరూ కలం ఇవ్వలేదు. నువ్వు ఏం రాసినా సరే, వాడికి రాసిన రెండు మాటలు మాత్రం రాయకు. అవి నీకు సరిపోతాయి గానీ, అవి వాడివని ఏడేళ్ళుగా రికార్డులో ఉంది. ముందు అక్కడ కొట్టేయించు.

బండి నెమ్మదిస్తోంది. నువ్వు మఫ్లరు చుట్టుకుంటున్నావు. తలుపు దగ్గరికి, నా పక్కకే వచ్చి నిలబడ్డావు. నేను రాస్తున్నదాని వైపు కూడా చూడలేదు.

"ఎంతసేపు ఆగుతుందమ్మా ఇక్కడ?" అని అడిగావు.

"నలభై సార్," అన్నాను. "నలభై అంటే నలభై."